ఎగిరే కారు దిగేదెక్కడ?

(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థులు, పట్టణవాసులు కలిసి పెట్టుకున్న సభలో, విమానాల మెయింటెనెన్స్ రంగంలో పనిచేసి రిటైరైన ఒక ఇంజనీర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసినది.)

పెద్దలకు, పిల్లలకు అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతున్నదా? వినబడకపోతే చెయ్యెత్తుండ్రి, మైక్ దగ్గర పెట్టుకుంట. సరే.

మీరు పోస్టర్ మీద ఏం రాసిన్రు? "ఎగిరే కార్లు మనకెప్పుడు?" అని రాసిన్రు. ఆ ఎప్పుడు అన్నదానికి జవాబు ఇప్పుడే చెప్పేస్త, మీరు కావాలంటే లేచి వెళ్లిపోవచ్చు. ఎగిరే కారు వచ్చి డెబ్బై ఏండ్లు దాటింది. నవ్వకుండ్రి, నిజంగనే వచ్చింది. అమెరికాలో మోల్టన్ టేలర్ అనే ఆయన 1949లో ఏరోకార్ అని చేసిండు. రెక్కలు, తోక మడిచి, ట్రైలర్ లెక్క వెనక తగిలించుకొని రోడ్డు మీద పోవచ్చు. 1956లో అక్కడి విమానయాన సంస్థ దానికి సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. అంటే ఎవరో పెరట్ల చేసుకున్న ఆటబొమ్మ కాదు, ప్రభుత్వం పరీక్ష చేసి బాగున్నదని ముద్ర వేసిన బండి. మరి ఎన్ని చేసిన్రు? ఆరు. ఒక పెద్ద కంపెనీ ముందుకొచ్చి, 500 ఆర్డర్లు తెస్తే తయారు చేస్తమన్నది. సగం దాకా వచ్చినయి, అక్కడ ఆగిపోయినయి. కథ ఖతం.

అంతకుముందు 1947లో కాన్వెయిర్ కంపెనీ ఇంకొకటి చేసింది. కారు పైన విమానం రెక్క, ఇంజన్ బిగిస్తరు, దిగినంక తీసేస్తరు. శాన్ డియాగో దగ్గర ఇంధనం అయిపోయి కూలింది. పైలట్ విమానం గేజ్ చూసుడు పోయి కారు గేజ్ చూసిండని చెప్పుకుంటరు. 1973లో మైజార్ అని, ఫోర్డ్ పింటో కారుకు సెస్నా విమానం వెనక సగం అతికిచ్చిన్రు. అది గాలిలో రెక్క విరిగి కూలింది, తయారు చేసినాయన అందులోనే పోయిండు. వెల్డింగ్ సరిగ్గ లేదని తేలింది. ఇవన్నీ ఎందుకు చెప్తున్న? ఎగిరేది చేయడం మనిషికి ఎన్నడో వచ్చింది. అక్కడ చిక్కు లేదు.

మరి చిక్కు ఎక్కడున్నది? నేను ఇవ్వాళ మీ ముందు పెట్టేది ఒకటే ప్రశ్న. ఎగిరింది సరే, అది దిగేదెక్కడ? ఆ దిగే చోటు ఎవరిది? ఎవరి పర్మిషన్ తోని దిగుతవు? ఎప్పుడొస్తది, ఎంత స్పీడ్ పోతది, ఎంత ధర, ఇవి అందరూ అడుగుతరు. దిగేదెక్కడ అని ఎవరూ అడగరు.

2021 జూన్ 28 నాడు స్లొవేకియా దేశంలో ఒక ఎగిరే కారు నిత్ర అనే ఊరి నుంచి బ్రాటిస్లావాకు పోయింది. మీలో చానామంది ఫోన్లలో వీడియో చూసే ఉంటరు. క్లైన్ విజన్ వాళ్ల ఎయిర్‌కార్. లోపల బీఎండబ్ల్యూ ఇంజన్. 35 నిమిషాల ప్రయాణం. దిగినంక బటన్ నొక్కితే రెండు మూడు నిమిషాల్లో రెక్కలు మడుచుకొని కారు అయింది, అట్లనే నడుపుకుంట ఊళ్లకు పోయిన్రు. 2022 జనవరిలో ఆ దేశం దానికి సర్టిఫికెట్ ఇచ్చింది. 70 గంటలు గాలిలో తిరిగి, 200 సార్లు ఎక్కి దిగినంకనే ఇచ్చిన్రు. చాలా మంచి పని, నేను చప్పట్లు కొడుత. కానీ వీడియో మళ్లొకసారి చూడుండ్రి. ఎక్కడ ఎక్కింది? విమానాశ్రయంలో. ఎక్కడ దిగింది? విమానాశ్రయంలో. ఇంటి ముందట ఎగరలేదు, ఆఫీసు ముందట దిగలేదు. దానికి రన్‌వే కావాలె. రెండు చివర్లా రన్‌వే ఉంటేనే అది ఎగిరే కారు. లేకపోతే అది రెక్కలు మోసుకొని తిరిగే ఖరీదైన కారు.

ఇప్పుడు మన దిక్కు చూద్దాం. అమెరికాలో జనం వాడుకునే విమానాశ్రయాలు ఐదు వేల దాకా ఉన్నయి. ప్రైవేటువి కలిపితే ఇంకా చానా. రైతు కూడా తన పొలంలో మట్టి రన్‌వే వేసుకుంటడు. మనకు? ఉత్తర తెలంగాణ పేరు చెప్పి లెక్క పెట్టుండ్రి. మామునూరు. బసంత్‌నగర్. ఆదిలాబాద్. మూడు పేర్లు చెప్పిన. ఈ మూడింటిలో ఒక్కదాంట్లనన్న టికెట్ కొనుక్కొని మనం విమానం ఎక్కుతున్నమా? ఎక్కుతలేము. ఏరోకార్ ఇవ్వాళ ఉచితంగ ఇచ్చినా వరంగల్‌లో పెట్టుకొని ఏం చేస్తం? కాజీపేట బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో నిలబడుతం.

"సార్, అది రన్‌వే రకం. ఇప్పుడు నిలువుగా లేచే రకం వస్తున్నయి గదా, డ్రోన్ లెక్క" అంటరు. అంటున్నరు, ముందు వరుసలో తమ్ముడు తల ఊపుతున్నడు. సరే, అదే మాట్లాడుదాం.

నిలువుగా లేవడానికి ఎంత శక్తి కావాలెనో లెక్క చేద్దాం, ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నరు కాబట్టి. వెయ్యి కిలోల బండి అనుకుందాం, మనుషులతో, బ్యాటరీతో కలిపి. ప్రొపెల్లర్లన్నీ కలిసి ఊడ్చే గాలి విస్తీర్ణం పది చదరపు మీటర్లు అనుకుందాం. కారు సైజులో ఉండాలంటే అంతకంటే పెద్దది పట్టదు. ఆ బండి గాలిలో కదలకుండా నిలబడాలంటేనే 280 కిలోవాట్లు దాకా కావాలె. కదలకుండా! ఇంకా ఒక్క మీటరు ముందుకు పోలేదు. నాలుగైదు చిన్న కార్ల ఇంజన్ల బలం అది. అదే కారు రోడ్డు మీద అరవై స్పీడ్‌లో పోతే పది కిలోవాట్లు అటూ ఇటూ సరిపోతయి. ఇప్పుడు బ్యాటరీ. వెయ్యి కిలోల్లో మూడు వందల కిలోలు బ్యాటరీకే ఇచ్చినం అనుకోండి. ఇవ్వాళ్టి బ్యాటరీలో కిలోకు 170 వాట్ అవర్లు అనుకుంటే యాభై యూనిట్ల కరెంటు వస్తది, యూనిట్ అంటే ఒక కిలోవాట్ ఒక గంట. యాభై యూనిట్లను 280తోని భాగించుండ్రి. ఎంతొచ్చింది? గంటలో ఐదో వంతు కూడా లేదు, అంటే పది, పదకొండు నిమిషాలు. సుబేదారి నుంచి లేచి గాలిలో నిలబడితే, దిగే చోటు వెతికేలోపల బ్యాటరీ అయిపోతది.

రెక్కలు పెట్టి ముందుకు పోతే ఈ లెక్క చాలా మెరుగు పడతది, అది ఒప్పుకుంట. రెక్క ఉంటే గాలే మోస్తది. కానీ రెక్క పెట్టినంక అది మళ్ల రోడ్డు మీద ఇరుకు గల్లీలో పట్టదు. అందుకే చైనాలో ఎక్స్‌పెంగ్ వాళ్లు ఇంకో దారి పట్టిన్రు. ఆరు చక్రాల పెద్ద వ్యాన్, దాని డిక్కీలో ఇద్దరు కూర్చునే చిన్న హెలికాప్టర్ లాంటిది. కారు ఎగరదు, కారులోంచి తీసి ఎగరేస్తరు. నాకు ఆ ఆలోచన నచ్చింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టలేదు వాళ్లు. కానీ మళ్ల అడుగుత, వ్యాన్ ఆపి దాన్ని ఎక్కడ ఎగరేస్తవు, తిరిగొచ్చి ఎక్కడ దిగుతవు?

ఇంకొక సంగతి, మన వరంగల్‌కు సంబంధించింది. మే నెలలో మన దగ్గర ఎండ ఎట్ల ఉంటదో నేను చెప్పాల్నా? 44 డిగ్రీలు. వేడికి గాలి పలచబడుతది. సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల వాతావరణంతో పోలిస్తే, మన ఊరి ఎత్తులో 44 డిగ్రీల మధ్యాహ్నం గాలి 12 శాతం దాకా పలుచగా ఉంటది. ప్రొపెల్లర్ పట్టుకునేది గాలినే గదా. గాలి తక్కువైతే శక్తి ఎక్కువ కావాలె, అదే టైంలో బ్యాటరీ వేడెక్కుతది. యూరప్ చలిలో చూపించిన నంబర్లు పట్టుకొచ్చి భద్రకాళి చెరువు గట్టు మీద పెడితే అవి నిలబడవు. ఏ కంపెనీ బ్రోచర్ చూసినా ముందుగాల ఇది అడుగుండ్రి: ఎన్ని డిగ్రీల ఎండలో పరీక్ష చేసిన్రు?

ఇప్పుడు నేను పనిచేసిన రంగం. ఇక్కడ జర ఎక్కువసేపు మాట్లాడుత, ఓపిక పట్టుండ్రి.

కారుకు ఏం కావాలె? గుద్దుకుంటే లోపలోళ్లు బతకాలె. అంటే ఉక్కు, బంపర్, ఎయిర్ బ్యాగ్, మందపాటి టైర్లు, గాజు అద్దం. అన్నీ బరువే. విమానానికి ఏం కావాలె? బరువు తగ్గాలె. అంతే. ప్రతి కిలోకూ లెక్క ఉంటది. ఈ రెండూ ఒకదాని మెడ ఒకటి పట్టుకుంటయి. అమెరికాలో టెర్రాఫ్యూజియా అనే కంపెనీ ట్రాన్సిషన్ అనే ఎగిరే కారు చేసింది. 2009లో ఎగిరింది. 2010లో విమానాల శాఖ దగ్గరికి పోయి, మా బండి మీ పరిమితి కంటే 110 పౌండ్లు, అంటే యాభై కిలోలు ఎక్కువ ఉంటది, మాఫీ చేయండి అని అడిగిన్రు. చేసిన్రు. 2011లో రోడ్ల శాఖ దగ్గరికి పోయి, మాకు కారు టైర్లు వద్దు, మామూలు అద్దం వద్దు, మినహాయింపు ఇయ్యండి అన్నరు. ఇచ్చిన్రు. ఇటు బరువు ఎక్కువైందని మాఫీ, అటు బరువు తగ్గియ్యాలని మాఫీ! చూసిన్రా? ఒకటే బండి, రెండు ఆఫీసులు, రెండు దిక్కుల నుంచి గుంజుతున్నయి. 2021 జనవరిలో దానికి ఎగిరే సర్టిఫికెట్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలో కంపెనీ దుకాణం మూసింది. సర్టిఫికెట్ చేతికొచ్చినంక మూసిన్రు, అది గుర్తుపెట్టుకోండి.

మరి మెయింటెనెన్స్? కారు పార్కింగ్‌లో పెట్టినవు. ఎవరో స్కూటర్ వాడు వచ్చి మెల్లగ తగిలిచ్చి పోయిండు. కారుకైతే ఏం చేస్తం? తిట్టుకొని ఊకుంటం. ఎగిరే కారుకు తగిలింది రెక్క అంచుకు. లేదా రెక్క మడిచే కీలుకు. ఇప్పుడు అది ఎగరొచ్చా? ఎవరు చెప్పాలె? నువ్వు చెప్పరాదు. లైసెన్స్ ఉన్న మెయింటెనెన్స్ ఇంజనీర్ వచ్చి, చూసి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాలె. ఆ సంతకం వెనక అతని ఉద్యోగం ఉంటది. మేము సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఒక సెకను ఆగుతది, ఎంత అనుభవం ఉన్నోళ్లకైనా. కార్బన్ ఫైబర్ మీద దెబ్బ తగిలితే పైకి ఏం కనబడదు, లోపల పొరలు విడిపోతయి. చిన్న సుత్తితో తట్టి చప్పుడు వినాలె, లేకపోతే అల్ట్రాసౌండ్ పెట్టాలె. విమానాన్ని ఎందుకు కంచె లోపల, హ్యాంగర్‌లో పెడతరు? దొంగల కోసమే కాదు. ఎవరూ తగలొద్దని. ఇప్పుడు ఆ విమానాన్ని తీసుకొచ్చి హనుమకొండ చౌరస్తాలో, బట్టల షాపుల ముందట పార్క్ చేస్తనంటున్నవు. మన స్పీడ్ బ్రేకర్లు సంగతి నేను మాట్లాడను. వాటికి ఏ దేశం సర్టిఫికెటూ సరిపోదు.

ఇగ చట్టానికి పోదాం. నిద్రొస్తున్నదా? టీ వస్తున్నదట, ఇంకో ఇరవై నిమిషాలు.

మన దేశంలో రోడ్డు మీద బండికి 1988 మోటారు వాహనాల చట్టం. గాలిలో ఎగిరేదానికి ఇన్నాళ్లు 1934 చట్టం ఉండె. దాన్ని తీసేసి భారతీయ వాయుయాన్ అధినియం తెచ్చిన్రు, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నది. అంటే ఎగిరే కారుకు ఆర్టీవో ఆఫీసులో టీజీ 03 నంబర్, దేశంలో విమానాల రూల్స్ చూసే డీజీసీఏ దగ్గర వీటీ అని మొదలయ్యే విమానం నంబర్, రెండూ కావాలె. రెండు ఇన్సూరెన్సులు. రెండు లైసెన్సులు. డ్రైవింగ్ లైసెన్స్ మీకున్నది. విమానం నడపాలంటే కనీసం ప్రైవేట్ పైలట్ లైసెన్స్. 17 ఏండ్లు నిండాలె, పదో తరగతి పాసవ్వాలె, డాక్టర్ల పరీక్ష, పేపర్లు రాయాలె, రేడియోలో మాట్లాడే లైసెన్స్ వేరే, 40 గంటలు గాలిలో తిరగాలె. ఫ్లయింగ్ క్లబ్ ఎక్కడున్నది? హైదరాబాద్ పోవాలె. డబ్బు లక్షల్లో. అది కూడా విమానానికి. నిలువుగా లేచి, మళ్ల విమానం లెక్క ముందుకు పోయే రకానికి పైలట్‌ను ఎట్ల తయారు చేయాలె అన్న రూల్ అమెరికాలోనే 2024 అక్టోబర్‌లో వచ్చింది.

ఒక విద్యార్థి నిన్న ఫోన్ చేసి అడిగిండు, "సార్, 2021 డ్రోన్ రూల్స్ చాలా సులువు చేసిన్రు గదా, 500 కిలోల దాకా ఒప్పుకుంటున్నరు గదా, అందులో రిజిస్టర్ చేస్తే సరిపోదా?" అని. తెలివైన ప్రశ్న. మన పత్తి చేన్ల మీద మందు కొట్టే డ్రోన్లు ఆ రూల్స్ కిందనే తిరుగుతున్నయి. కానీ బాబూ, డ్రోన్ అంటే లోపల పైలట్ లేనిది. నువ్వు లోపల కూర్చొని నడిపిన నిమిషం అది డ్రోన్ కాదు, విమానం. చైనాలో ఈహాంగ్ అని పైలట్ లేకుండా ఇద్దరిని తీసుకుపోయేది ఉన్నది, 2023 అక్టోబర్‌లో దానికి అక్కడ టైప్ సర్టిఫికెట్, అంటే ఆ మోడల్ ఎగరడానికి బాగున్నదన్న ముద్ర, వచ్చింది. లోపల కూర్చున్నోళ్లు నడపరు, కింద కంట్రోల్ రూమ్ నడుపుతది. అంటే అది టాక్సీ. నీ బండి కాదు.

అమెరికాలో ఒక దొడ్డిదారి ఉన్నది, పార్ట్ 103 అంటరు. 1982 నుంచి ఉన్నది. ఒక్క సీటు, ఖాళీ బరువు 254 పౌండ్ల లోపల, అంటే 115 కిలోలు. అట్లాంటి దానికి పైలట్ లైసెన్స్ అక్కరలేదు. జెట్సన్ వన్ లాంటి ఒంటి సీటు బండ్లు ఆ దారిలోనే వస్తున్నయి. కానీ షరతులు చూడుండ్రి. పగటిపూటనే ఎగరాలె. జనం గుమిగూడిన చోట్ల, ఇండ్ల మీద ఎగరొద్దు. అంటే పొలాల మీద ఆడుకోవడానికి. ఆఫీసుకు పోవడానికి కాదు. మన దగ్గర ఆ దొడ్డిదారి కూడా లేదు. మైక్రోలైట్ అనే చిన్న తేలిక విమానానికి కూడా రిజిస్ట్రేషన్, లైసెన్స్ కావాలె.

అన్నీ తెచ్చుకున్నవు అనుకుందాం. లైసెన్స్, నంబర్, ఇన్సూరెన్స్, అంతా. పొద్దున హైదరాబాద్ పోవాలె. ఎట్ల పోతవు? మామునూరులో రన్‌వే బాగుపడి, ప్రైవేటు బండ్లను రానిచ్చిన్రు అనుకుంటున్న. ఇంట్ల నుంచి మామునూరు పోవాలె. ఫ్లైట్ ప్లాన్ ఇయ్యాలె. ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్ తీసుకోవాలె, హైదరాబాద్ చుట్టూ హకీంపేట, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ వాళ్లవి గదా. వాతావరణం చూడాలె. బండి చుట్టూ తిరిగి పరీక్ష చేయాలె. ఎగరాలె. జనం ఉన్న ఊర్ల మీద అయితే అన్నిటికంటే ఎత్తైన దాని కంటే వెయ్యి అడుగులు పైన ఉండాలె. గాలిలో 135 కిలోమీటర్లు, 170 స్పీడ్ అనుకుంటే యాభై నిమిషాలు. పర్మిషన్ ఇచ్చిన చోట దిగాలె. రెక్కలు మడవాలె. మళ్ల హైదరాబాద్ ట్రాఫిక్‌లో పడాలె. ఎంతయింది? నేను తక్కువ వేసుకున్నా మూడు గంటలు. వరంగల్ స్టేషన్‌లో వందే భారత్ ఎక్కితే సికింద్రాబాద్‌కు గంటన్నర, అటూ ఇటూ. చాయ్ కూడా ఇస్తరు. పైగా పొద్దుగుంకితే నువ్వు ఎగరరాదు. కళ్లతో చూసి నడిపే విమానాలకు మన దేశంలో రాత్రి ఎగరడం మామూలుగా నిషేధం. హైదరాబాద్‌లో మీటింగ్ ఆలస్యమైతే రాత్రి రోడ్డు మీద నడుపుకుంట రావాలె, మడిచిన రెక్కలు నెత్తిన పెట్టుకొని.

ఇన్ని రూల్సు అవసరమా? ఇక్కడ కొందరు కుర్రవాళ్లు నా మీద కోపంగ ఉన్నరని నాకు తెలుసు. "సర్కారు ఏదీ చేయనియ్యదు, అంతా కాగితాలు" అంటరు. సగం ఒప్పుకుంట. కానీ ఒక లెక్క చూడుండ్రి. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈ నిలువు బండ్లకు 2019లో ఒక ప్రమాణం పెట్టింది. జనం ఉన్న ఊర్ల మీద ప్రయాణికులను తీసుకుపోయేదాంట్ల, అందరూ చనిపోయేంత లోపం వంద కోట్ల గంటల్లో ఒకసారి కంటే ఎక్కువ రావద్దు. వంద కోట్ల గంటలు! మన రోడ్ల మీద? 2022 ఒక్క ఏడాదిలో 1,68,491 మంది చనిపోయిన్రు, కేంద్ర రోడ్ల శాఖ లెక్క. రోడ్డు మీద దాన్ని మనం ఎట్లనో అలవాటు చేసుకున్నం, అది వేరే సిగ్గు. కానీ గాలిలోంచి పడేది ఎక్కినోడి మీదనే పడదు. గీసుకొండలో మిర్చి ఆరబెట్టుకుంటున్న ఆమె మీద పడతది. ఆమె ఆ బండి కొనలేదు, ఎక్కలేదు, దాని పేరు కూడా వినలేదు. రూల్ ఎవరి కోసం అంటే ఆమె కోసం. కొన్నోడి కోసం కాదు. ఇందులో నేను ఒక్క అడుగు వెనక్కి పోను.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్త. దిగేదెక్కడ?

ముఖ్యమంత్రి జిల్లాకు వస్తున్నడంటే హెలిప్యాడ్ ఎట్ల తయారవుతదో మీరు చూసే ఉంటరు. కాలేజీ గ్రౌండ్ చదును చేస్తరు, నీళ్లు చల్లుతరు, దుమ్ము లేవొద్దని. ఆర్ అండ్ బీ వాళ్లు సున్నంతో హెచ్ గీస్తరు. చుట్టూ కరెంటు తీగలు చూస్తరు. ఫైరింజన్ వచ్చి నిలబడుతది. పోలీసులు కట్టె కంచె కడతరు. ముందు రోజు పరిశీలన. ఒక్క దిగుడుకు ఇంత. ఇది దర్పం కోసం అనుకుంటరు చాలామంది. అందులో కొంత దర్పం ఉన్నది, కాదనను. కానీ తీగలు, దుమ్ము, జనం, నిప్పు, ఈ నాలుగూ నిజమైన ప్రమాదాలు. ఇవి నీ ఎగిరే కారుకు కూడా ఉంటయి. మీ ఇంటి మేడ మీద దిగుతనంటవు. మేడ వెయ్యి కిలోలను మోస్తదా? గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ పర్మిషన్ ఇస్తదా, పట్టణాభివృద్ధి సంస్థ "కుడా" ఇస్తదా? పక్కింటోళ్ల వాటర్ ట్యాంక్ మూత, ఆరేసిన బట్టలు ఎక్కడికి పోతయి ఆ గాలికి? చప్పుడుకు పక్కింటి పసిపిల్ల లేస్తే ఎవరు జోకొడతరు? గల్లీలో 11 కేవీ లైను మేడ పక్కనే పోతది.

డీజీసీఏ 2024లో వర్టిపోర్టులకు, అంటే ఈ నిలువు బండ్లు దిగే స్టేషన్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. కానీ అది చదివితే అర్థమైతది, అది బస్టాండ్ లాంటి ఏర్పాటు, ఇంటి గ్యారేజీ కాదు.

మన మామునూరు కథ చూడుండ్రి, దిగే చోటు అంటే ఏందో దానికంటే బాగా ఎవరూ చెప్పలేరు. నిజాం కాలంలో, 1930లో కట్టిన్రు. 1981 దాకా నడిచింది, తర్వాత మూతపడ్డది. రన్‌వే ఉన్నది, భూమి ఉన్నది, జనం అడుగుతనే ఉన్నరు. ఎందుకు తెరవలే? శంషాబాద్ విమానాశ్రయం ఒప్పందంలో 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రావద్దన్న షరతు ఉండె. ఒక కాగితం మీద ఒక గీత. ఆ షరతు సడలిచ్చి, 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. భూసేకరణలో నక్కలపల్లి, గాడెపల్లి, గుంటూరుపల్లి రైతులు ఉన్నరు. వాళ్లకు ధర ఎంత, భూమికి భూమి ఇస్తరా, ఈ లొల్లి అంతా మనకు తెలిసిందే. ఒక విమానాశ్రయం తిరిగి తెరవడానికి ఇన్నేండ్లు, ఇంతమంది రైతుల భూమి కావాల్సి వస్తే, వెయ్యిమంది ప్రైవేటు ఓనర్లు వెయ్యి చోట్ల దిగడానికి ఎవరి భూమి తీసుకుంటం? విమానాశ్రయం తెరిచినంక ఇంకొకటి. చుట్టూ పది కిలోమీటర్లలో చెత్త పారబోయొద్దు, పశువులను కోయొద్దు అని విమానాల రూల్స్‌లో ఉన్నది, పక్షులు రావొద్దని. అది అమలు చేయడం ఎట్లనో మున్సిపాలిటీ వాళ్లు ఇప్పటి నుంచే ఆలోచిస్తే బాగుంటది. ఇది ఎగిరే కార్ల సంగతి కాదు, ఊరికే గుర్తొచ్చి చెప్పిన.

"మరి ఇదంతా దండుగేనా సార్?" అంటరు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరిందట అని మా ఊర్లో ఒకాయన ఈ సభ పేరు విని నవ్విండు. నేను ఆయనతో ఏకీభవించను. ఎగరాలె. ఎవరి కోసం ఎగరాలె, అదే నా పేచీ.

డబ్బు దిక్కు ఒకసారి చూడుండ్రి. అమెరికాలో ఆలెఫ్ అని కంపెనీ, మూడు లక్షల డాలర్లకు ఎగిరే కారు ఇస్తనంటున్నది. మన డబ్బుల్లో రెండున్నర కోట్ల పైనే, దిగుమతి పన్ను వేరే. 2023లో వాళ్లకు వచ్చింది ప్రయోగాల కోసం ఇచ్చే సర్టిఫికెట్, అమ్ముకోవడానికి కాదు. పేపర్లో "అనుమతి వచ్చింది" అని మాత్రమే రాస్తరు. జర్మనీలో లిలియం, వోలోకాప్టర్, రెండూ పెద్ద పేర్లు. 2024 చివర్ల రెండూ దివాలా పిటిషన్ వేసినయి. డచ్ వాళ్ల పాల్-వీ, మూడు చక్రాల జైరోకాప్టర్, అంటే నెత్తి మీది ఫ్యాన్ లాంటి రెక్క గాలికి తిరుగుతుంటే ఎగిరేది, 2020లో గుజరాత్ సర్కారుతో ఫ్యాక్టరీ ఒప్పందం కూడా చేసుకున్నది. దానికి యూరప్ రోడ్ల మీద తిరగడానికి అదే ఏడాది అనుమతి వచ్చింది. గాలి కంటే ముందు రోడ్డు అనుమతి వచ్చింది ఎగిరే కారుకు. బుకింగ్ కట్టేముందు ఏ సర్టిఫికెట్, ఏ దేశం, దేనికి, ఈ మూడు అడగకుండా ఎవరూ డబ్బు కట్టొద్దు.

మరి ఎవరి కోసం? మేడారం జాతరకు హనుమకొండ నుంచి హెలికాప్టర్ నడిపిన్రు, మీకు తెలుసు. డబ్బున్నోళ్లు ఎక్కిన్రు, తల్లులను చూసి వచ్చిన్రు. తప్పు లేదు. కానీ ఆ హెలికాప్టర్‌కు మేడారంలో దిగే చోటు చేసిన్రు గదా? ఆ చోటు జాతర అయిపోయినంక ఏమైంది? 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఏటూరునాగారం అడవిలో కాన్పు కష్టమైన అమ్మాయి వరంగల్ పెద్దాసుపత్రి ఎంజీఎంకు రావాలంటే ఎన్ని గంటలు? వాగు పొంగితే అసలు రాగలదా? ఈ నిలువుగా లేచే బండి, బ్యాటరీది కానీ పెట్రోలుది కానీ, మొదలు ఆమె కోసం రావాలె. ప్రతి మండల కేంద్రంలో ఆసుపత్రి పక్కన తీగలు లేని, గట్టి నేల ఉన్న దిగే చోటు ఒకటి. సున్నం గీత, గాలి దిక్కు చూపే గుడ్డ, తాళం చెవి ఎవరి దగ్గరుందో రాసిన బోర్డు. దీనికి ఎగిరే కారు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఇవ్వాళ ఉన్న హెలికాప్టర్ కూడా అక్కడ దిగుతది. రేపు మంచి బ్యాటరీ బండి వస్తే అదే చోట దిగుతది. అప్పుడు ఆ చోటు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఉంటది: ఊరిది.

నాకు తెలిసిన సివిల్ ఇంజనీర్లు ఈ హాల్లో ఇద్దరు ముగ్గురు కనబడుతున్నరు. విద్యార్థులకు ఒక పని చెప్త, ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం ఊరికే వెతుక్కోకుండ్రి. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఒక్కో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం చుట్టూ మూడు వందల మీటర్లలో తీగలు ఎక్కడున్నయి, స్కూల్ గ్రౌండ్ ఎంత వెడల్పు, వానకాలం నీళ్లు నిలుస్తయా, మే నెల మధ్యాహ్నం గాలి ఎంత వేడి, ఇవి కొలిచి మ్యాప్ చేయండి. కరెంటు ఆఫీసు వాళ్లు లైన్ల మ్యాప్ అడిగితే ఇస్తరు, సర్పంచ్‌ను పట్టుకొని పోండి.

ఇగ సొంతానికి కొనుక్కుంటనన్నోళ్లకు ఒక మాట. అక్కడ మూడో వరుసలో అన్న ముందే అడిగిండు, కొడుక్కు కొనియ్యాల్నా అని. అన్నా, పిల్లగానికి ముందు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఇప్పియ్యి. అది వచ్చినంక కూడా ఎగరాలనిపిస్తే అప్పుడు క్లబ్‌లో విమానం గంటకు కిరాయికి తీసుకొని ఎగరొచ్చు. రెండున్నర కోట్లు మిగులుతయి.

టీ వచ్చినట్టున్నది. ప్రశ్నలు అడుగుండ్రి, మైక్ అటు ఇయ్యండి. ఆ చివర అమ్మ చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నది, ముందు ఆమెకియ్యుండ్రి.